పాత రేడియో దొరికిందా? ప్లగ్గు జోలికెళ్లకండి!

అటక సర్దుతుంటే తాతగారి రేడియో బయటపడుతుంది. నిగనిగలాడిన రోజులు పోయి మసిబారిన చెక్కపెట్టె, ముందు వెలిసిపోయిన గుడ్డ, గాజు డయల్ మీద ఊళ్ల పేర్లు. ఇంట్లోవాళ్లంతా చుట్టూ మూగుతారు. ‘పలుకుతుందేమో చూద్దాం’ అంటూ ఎవరో ఒకరు ప్లగ్గు పెట్టేస్తారు. డయల్ వెలుగుతుంది, గుర్రుమని శబ్దమొస్తుంది, ఆ వెనకే కాలిన మైనం వాసన... యాభై ఏళ్లు చెమ్మకీ చెదలకీ తట్టుకున్న సెట్టు అయిదు నిమిషాల సరదాకి బలైపోతుంది!

తప్పు వాల్వులది కాదు. ఆ గాజుబుడ్డి చూడ్డానికే సుకుమారం. లోపలి ఫిలమెంటు వేడెక్కితే కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. అందుకే ఈ రేడియోలు స్విచ్ వేయగానే పలకవు. అర నిమిషం ఆగి, గొంతు సవరించుకుని మరీ మొదలుపెడతాయి. దశాబ్దాలు మూలన పడున్నా వాల్వులు చాలావరకు బతికే ఉంటాయి.

ముందు చచ్చేవి కండెన్సర్లు. ఆ రోజుల్లో కాగితాన్నీ, లోహపు రేకునీ కలిపి చుట్టచుట్టి మైనం పట్టించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ కాగితం చెమ్మ పీల్చుకుంటుంది. ఆపాల్సిన కరెంటును ఆపలేక వదిలేస్తుంది. స్పీకర్‌ను నడిపించే అవుట్‌పుట్ వాల్వుకి ముందు ఇలాంటిదే ఒకటుంటుంది, వేలెడంత కూడా ఉండదు. అది లీకైతే చాలు... వాల్వు మోతాదుకి మించి కరెంటు లాగుతుంది, లోపలి రేకు ఎర్రగా కాలుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మాడిపోతుంది. కొద్దిపాటి ఖర్చుతో మార్చగల ముక్కని వదిలేసినందుకు, వెతికినా దొరకని సామాను రెండు పోతాయన్నమాట.

అందుకే అనుభవమున్న మెకానిక్ సెట్టు విప్పగానే కరెంటివ్వడు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపుతాడు. ఎలుకలు కొరికిన వైర్లు, పెళుసెక్కిన రబ్బరు తొడుగులు తీసేస్తాడు. మైనం కండెన్సర్లను ఒక్కొక్కటిగా మారుస్తాడు. ఆ తర్వాతే సిరీస్ బల్బు బోర్డు బయటికి తీస్తాడు. మెయిన్స్‌కీ రేడియోకీ మధ్య మామూలు ఫిలమెంటు బల్బు కలిపిన బోర్డు అది. (ఎల్ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు.) రేడియోలో ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గుమంటుంది, సెట్టు మాత్రం క్షేమం. వెలిగి, మెల్లగా మసకబారిందా... హమ్మయ్య!

ఇది ఇంట్లో కూర్చుని స్క్రూడ్రైవరుతో చేసే ప్రయోగం కాదు. వాల్వులకు రెండొందల వోల్టులపైనే అందుతుంటుంది. స్విచ్ కట్టేసినా కండెన్సర్లు కాసేపు ఆ చార్జిని దాచుకుంటాయి. ఇక మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ-డీసీ సెట్లు మరీ ప్రమాదం. వాటిలో కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనుప ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు అటూ ఇటూ అయిందంటే ఛాసిస్ మొత్తం 230 వోల్టులు! నాబ్ ఊడిపోయిన చోట చెయ్యి తగిలినా ప్రాణం మీదికొస్తుంది.

చెక్కపెట్టె సంగతి వేరు. అక్కడ ప్రమాదమల్లా ఉత్సాహమే. చూడ్డానికి టేకు దుంగలా ఉన్నా, చాలా పెట్టెలు ప్లైవుడ్ మీద కాగితంలా పల్చటి వెనీర్ అతికించినవి. కార్పెంటర్ గరుకు కాగితంతో హుషారుగా నాలుగు రుద్దులు రుద్దితే వెనీర్ అరిగి, అడుగున ప్లైవుడ్ పళ్లికిలిస్తుంది. దాన్ని మళ్లీ పూడ్చలేం. అంచుల్లో లేచిన చోట జిగురు పెట్టి బిగించడం, ఆరాక పల్చగా పాలిష్ పట్టించడం... చాలామటుకు అదే చాలు. గీతలు నాలుగు మిగిలితే మిగలనీ, వయసన్నాక ముడతలుండవా?

ఈమధ్య ఇంకో వేలంవెర్రి మొదలైంది. లోపలిదంతా పీకేసి బ్లూటూత్ స్పీకర్ బిగించడం! ముత్యాన్ని పారేసి ఆల్చిప్పకి పూజ చేసినట్టుంది. ఈ సెట్లు అసలే కొత్తగా పుట్టవు. డబ్బు కట్టి పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని మరీ విన్న పెట్టెలివి. ఆ లైసెన్సు గోల 1985లో గానీ తీరలేదు.

‘బాగుచేయించాక వినడానికేముంది?’ అంటారా... నిజమే. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పలుకు మళ్లీ రాదు. మీడియం వేవ్, షార్ట్ వేవ్ తప్ప ఈ సెట్లలో చాలావాటికి ఎఫ్ఎమ్ తెలీదు. పైగా ఫోన్ చార్జర్లూ, ఎల్ఈడీ బల్బులూ కలిసి బరబరమని రొద పెడతాయి. డాబా మీద పొడవాటి రాగితీగ ఏరియల్‌గా కట్టి, రాత్రి పొద్దుపోయాక, ఇంట్లో దీపాలార్పి తిప్పితే దూరపు స్టేషన్లు పలకొచ్చు.

అదీ కుదరకపోతే సెట్టు వెనక చూడండి. చాలావాటికి గ్రామఫోన్ తగిలించే పికప్ సాకెట్ ఉంటుంది. ఫోన్‌లోని పాటని సరైన వైరుతో అక్కడ కలిపితే, ఏ ముక్కా పీకకుండానే ఘంటసాల ఆ వాల్వుల్లోంచే పాడతాడు. ఏసీ-డీసీ సెట్టయితే మాత్రం నేరుగా కలపొద్దు. ఛాసిస్‌లోని కరెంటు ఆ వైరు వెంట చేతిలోని ఫోన్ దాకా వస్తుంది.