ఆ పిల్లలు పడేది మన మురుగులోనే

నగర చెరువుల బాగోగులు చూసే అధికారులకు,

అయ్యా,

వేసవి సెలవులొస్తే హుస్సేన్‌సాగర్ మీద చిన్న చిన్న తెరచాపలు లేస్తాయి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ బరువు 35 కిలోలే; పదిహేనేళ్లలోపు వాళ్లు ఒక్కరే నడుపుతారు. తిరగబడిన పడవను మళ్లీ నిలబెట్టడం తొలి పాఠాల్లో ఒకటి. అంటే నీళ్లలో పడాల్సిందే. ఏ నీళ్లలో? కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగులో! చుక్కానికి పాలిథిన్ సంచి చుట్టుకుంటే చేత్తో పీకి, మళ్లీ గాలి అందుకోవాలి. పందెంలో అయితే ఆ కాస్త ఆలస్యమే ఓటమి. పేద బస్తీల పిల్లలు ఈ నీళ్లలోనే నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. ఒడ్డున రంగు దీపాలకు చూపే శ్రద్ధలో సగం నీటికి చూపినా చాలు. జూలైలో పోటీలు మొదలయ్యేలోగా తేలే చెత్త తీయించండి. నాలా నీటిని శుద్ధి చేశాకే సాగర్‌లోకి వదలండి.

ఇట్లు,
ఒక నగరవాసి