అంకె ఒక్కటే, అర్థాలు రెండు

ఆసుపత్రిలో రోగి మంచానికి వేలాడే కాగితాన్ని మీరు చూసే ఉంటారు. ధర్మామీటరు 101 డిగ్రీలు చూపిందనుకోండి. 103 నుంచి దిగిన 101 అయితే సంతోషమే. 99 నుంచి ఎక్కిన 101 అయితే జాగ్రత్తపడాలి. ఆ తేడా చెప్పేది ధర్మామీటరు కాదు, కాగితం. కంప్యూటర్లకూ ఇలాంటి కాగితం ఉండి తీరాలని నా వాదన.

పెద్ద సంస్థలు తమ సమాచారాన్ని డేటాబేస్‌లో దాచుకుంటాయి. అది చెడిపోతే ఎలా? అందుకే మరో యంత్రంలో నకలు ఉంచుతారు. అసలులో జరిగే ప్రతి మార్పునూ నకలు తనలో ఎక్కించుకుంటుంది. దీనినే రెప్లికేషన్ అంటారు. మాస్టారు నల్లబల్ల మీద రాస్తుంటే మీరు నోటుబుక్కులో రాసుకోవడం లాంటిదే ఇది. ఆయన వేగం పెంచితే మీరు వెనకబడతారు. ఈలోగా బల్ల తుడిచేశారా, ఇక అందుకోలేరు!

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది ఇదే. పని ఒత్తిడి పెరిగి నకలు వెనకబడింది. అది ఇంకా తెచ్చుకోని మార్పుల చిట్టా అసలు యంత్రంలో చెరిగిపోయింది. నకలును మళ్ళీ మొదటినుంచి తయారుచేయబోయిన ఇంజనీరు, పొరపాటున అసలు యంత్రంలోని సమాచారాన్నే చెరిపేశారు. సుమారు 300 గిగాబైట్లు! తీరా వెతికితే, రోజూ జరగవలసిన బ్యాకప్ జరగడమే లేదు. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్ళూ ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి దొరకబట్టి సరిపోయింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది.

తప్పంతా ఆ ఇంజనీరుదేనా? కాదంటాను. ఏ కబురూ రాలేదు కాబట్టి అంతా క్షేమమే అనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

మరేం చేయాలి? అసలు యంత్రంలో సెకనుకోసారి టైము రాయించాలి. నకలుకు చేరిన టైమును గడియారంతో పోల్చాలి. గడియారం 10:05 చూపుతుండగా నకలులో 10:02 ఉంటే, అది మూడు నిమిషాలు వెనకబడినట్టు. ఈ వెనకబాటును నిమిషానికొకసారి రాసిపెట్టాలి. రోజుకు 1,440 అంకెలే, ఏమంత బరువు? వాటితో గ్రాఫు గీస్తే, కాసేపు పెరిగి తగ్గేదేదో, తగ్గకుండా పెరుగుతూనే ఉన్నదేదో ఇట్టే తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఆ లెక్కను వేరే యంత్రంలో దాచాలి. లేకుంటే దీనితోపాటు అదీ పోతుంది. కొలత అందని నిమిషానికి సున్నా వేయకూడదు, గడి ఖాళీగా వదలాలి. ‘వెనకబాటు లేదు’, ‘తెలియలేదు’ ఒకటి కావు.

మీ ప్రయోగశాల రికార్డుకూ ఇదే న్యాయం. పరీక్ష ముందురోజు కూర్చుని గళ్ళన్నీ నింపితే మార్కులు రావచ్చు. కాని ఆ కాగితం ఎవరినీ కాపాడలేదు.