పగిలిన గాజునకు దారి

పగిలిన గాజు మన పట్టణములలో నెవరికిని అక్కరలేని వస్తువై యున్నది. చెక్కుచెదరని సీసాను పాతసామానులవాడు కొనును. కాగితమును, ఇనుమును తూచి కొనును. పగిలిన సీసా, కిటికీ అద్దపు ముక్క, వన్నెవన్నెల గాజుపెంకు బరువెక్కువ, వెల తక్కువ గనుక వాని బండిలో చోటు పొందజాలవు. చెరువుగర్భములకో, ఊరివెలుపలి దిబ్బలకో చేరును. అచ్చట చెత్త యేరుకొని బ్రదుకువారి వ్రేళ్లు తెగును. గాజు కుళ్లదు, తుప్పుపట్టదు. దిబ్బలో నున్నన్నాళ్లు కోయుచునే యుండును.

దానిని మరల గాజుగనే కరగింపరాదా యని పాఠకు లడుగవచ్చును. తప్పక కరగింపవచ్చును. ఫిరోజాబాదు కొలుములు పాతగాజును చిరకాలముగ వాడుచున్నవి. సరుకులో పదింట నొకపాలు పాతగాజైనచో ఇంధనము నూటికి 2, 3 పాళ్లు మిగులును. కాని గాజుకొలిమి శుచి మిక్కిలిగా పాటించునది. రంగులు కలిసినచో తెల్లసీసా రాదు. చిన్న పింగాణీముక్క పడినను అది కరగక రాయివలె నిలిచి సీసాను బలహీనపరచును. ఇట్లు వెలివేయబడిన గాజును చేర్చుకొనగలవి ఇటుకబట్టీలు, పెంకుల కర్మాగారములు, పింగాణీపలకల కొలుములు.

ఇసుక యొక్కటియే కరగవలెనన్న 1700 డిగ్రీల వేడి కావలెను. సోడాయు సున్నమును కలిసిన సీసాగాజు 700 డిగ్రీల దాపుననే మెత్తబడును. పలకలు చేయువారు మట్టికణములను వేడిలో నతుకుటకై ఫెల్డుస్పారను రాతిని త్రవ్వించి, పొడిచేసి కలుపుదురు. మెత్తగ నూరిన గాజుపిండి ఆ పనినే తక్కువ వేడిలో చేయును. ఎఱ్ఱమట్టిలో నూటికి 5 మొదలు 10 పాళ్లు కలిపినచో కరగి రంధ్రములను పూడ్చుటచే ఇటుక గట్టిపడును, నీరు తక్కువగ పీల్చును. మితిమీరినచో వంకరపోవును, పిండి ముతకయైనచో ప్రయోజనము స్వల్పము. బొగ్గుపొడి కొంచెము చేర్చి కాల్చినచో నురుగువలె పొంగి, వేడిని లోనికి రానీయని తేలికదిమ్మ యగును. గాజునకును పింగాణికిని గల చుట్టరికమును 1953లో అమెరికాలో కార్నింగు సంస్థవారి శాస్త్రజ్ఞుడు స్టూకీ కనుగొన్నది కొలిమి పొరపాటున మితిమీరి వేడెక్కుటచేతనే. గాజుపలక తెల్లబడి, చేజారి నేలపడియు పగులలేదు!

ఒక హెచ్చరిక. పాత టెలివిజను పెట్టెల గాజుబుడ్డి వెనుకభాగములో నూటికి 20 పాళ్ల దాపున సీసపు భస్మముండును. ఇది సీసా గాదు, విషలోహము. అట్టి గాజు పాత్రల పూతలో చేరినచో చింతపులుసు పోసిననాడు విషము దిగును. దానిని ఈ పనికి తేనేరాదు.

మట్టి చవుక గదా, గాజుపిండి నాకేల యని బట్టీయజమాని యడుగును. అతని ప్రశ్న న్యాయమైనది. గాజు నూరుటకు విద్యుత్తు కావలెను. ధూళి యెగయకుండ తడిపి నూరవలెను. ఈ వ్యయము నతనిపై మోపినచో పథకము పుట్టినదినముననే చచ్చును. గాజును దిబ్బకు మోయుటకు పురపాలకసంఘములు ఇప్పటికే పన్నులసొమ్ము వెచ్చించుచున్నవి. ఆ సొమ్ముతో నూరించి పిండిని ఉచితముగ నిచ్చిన నష్టమేమి?

2016 నాటి వ్యర్థనిర్వహణ నియమములు తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటి అపాయకర వ్యర్థములను వేరుచేయవలెనని విధించినవి. పగిలిన గాజు మాత్రము పొడిచెత్తలో కాగితములనడుమ కత్తివలె దాగియే వచ్చినది. పేటకొక రేకుపీపా గాజునకై ప్రత్యేకించుటకు క్రొత్తచట్ట మక్కరలేదు, తీర్మానము చాలును. ఏ మట్టికి ఎన్ని పాళ్లు సరిపోవునో తేల్చుటకు గూడూరున పింగాణీవిద్య గఱపు ప్రభుత్వసంస్థ యున్నది. కలకత్తాలో 1950 నుండి కేంద్ర గాజు, పింగాణీ పరిశోధనాలయ మున్నది. జిల్లాకొక బట్టీమట్టిని వారికి పంపవలెను. గాజు మోతకు ఏటేట నెంత వ్యయమగుచున్నదో వచ్చు బడ్జెటు సమావేశమున సభ్యు లధ్యక్షు నడుగవలెను.