అంబులెన్సుకు తెలిసినది డాక్టరునకు తెలియనక్కరలేదా?

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలోని మన కుటుంబములవారికి 108 అను సంఖ్య క్రొత్తది గాదు. 2005లో హైదరాబాదున ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ 2008లో తమిళనాటికి వచ్చినది. పిలిచినవారి కులమును, భాషను అడుగక, కాసు పుచ్చుకొనక, ఇంటి ముంగిటికి వచ్చి రోగిని ఆసుపత్రికి చేర్చుచున్నది. దానివలన నిలిచిన ప్రాణము లెన్నియో. ఆ సేవను నిందించుటకు మేము కలము పట్టలేదు. అది సగము దారిలో ఆగిపోవుచున్నదని చెప్పుటకే ఈ నాలుగు మాటలును వ్రాయుచున్నాము.

సగము అనుటకు కారణ మిది. అంబులెన్సులోని సహాయకుడు రోగి నాడి చూచును. రక్తపోటును, రక్తములోని చక్కెరను కొలుచును. తానిచ్చిన మందును, ఇచ్చిన వేళను కాగితముమీద వ్రాసికొనును. ఆసుపత్రి వాకిట రోగిని అప్పగించుటతో ఆ కాగితము పని ముగియును. ఏండ్ల తరబడి ఆ రోగిని చూచుచున్న కుటుంబ వైద్యునికి దాని జాడయే తెలియదు. అట్లే ఆ వైద్యునికి తెలిసిన సంగతులు, అనగా రోగికి ఏ మందు పడదు, ఏ మాత్రలు దినమును మ్రింగుచున్నాడు, మునుపు గుండెపోటు ఎప్పుడు వచ్చినది అనునవి, అంబులెన్సువారికి చేరవు. ఇరువురును ఒక్క మనిషినే కాపాడ జూచుచున్నారు. ఇరువురి నడుమను మాట లేదు.

“ఇదంతయు కాగితముల గొడవ, ఆసుపత్రిలోని పెద్ద డాక్టరు చూచుకొనడా?” అని కొందరందురు. కాగితముల గొడవయో, ప్రాణముల గొడవయో చూతము.

చక్కెర వ్యాధికి గ్లిబెన్‌క్లమైడు వంటి మాత్ర వేసికొను ముదుసలి ఒక పూట భోజనము మానినను, ఆయన మూత్రపిండములు బలహీనపడినను, రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమటలు పట్టును, మాట తడబడును, స్పృహ తప్పును. చూచినవారు పక్షవాతమనుకొందురు. వీధిలో పడియున్నచో త్రాగినాడని కూడ అనుటకు వెనుదీయరు. అంబులెన్సులో చక్కెర కొలిచి గ్లూకోసు ఎక్కించినంతనే ఆయన కన్నులు తెరచి మాటలాడును. ఇంటివారు దేవునికి దండము పెట్టి, ఇక ఆసుపత్రి యేల యని వెనుకకు తీసికొనిపోవుదురు. కాని ఆ మాత్ర ప్రభావము ఒక దినమునకు మించియు నిలువవచ్చును. చక్కెర మరల పడిపోవచ్చును. దాని మోతాదు తగ్గించుటయో, వేరు మందు వ్రాయుటయో చేయవలసినవాడు కుటుంబ వైద్యుడు. ఆయనకు కబురే లేదు. మరుసటి నెలలో అదే చీటీ, అదే మాత్ర, అదే ఆపద. సహాయకుడు తన పని తాను చేసినాడు. డాక్టరు తనకు తెలిసినంతవరకు చేసినాడు. తెలియవలసినది తెలియజేయు త్రోవ లేకపోవుటయే ఇందలి దోషము.

ఇక రెండవ దిక్కున చూతము. మెదడులో రక్తము గడ్డకట్టి పక్షవాతము వచ్చినచో, నాలుగున్నర గంటలలోపల గడ్డను కరిగించు మందు ఇయ్యవచ్చును. అయితే అంతకుముందే రక్తమును పలుచన చేయు మందు వాడుచున్నవానికి దాని నిచ్చినచో మెదడులో రక్తస్రావము కలుగు ప్రమాదము హెచ్చును. కావున ఆసుపత్రిలోని డాక్టరునకు రెండు సంగతులు తెలియవలెను: రోగి చివర ఎన్ని గంటలకు బాగుగా నుండెను? ఏ మందులు వాడుచున్నాడు? మొదటి ప్రశ్నకు ఇంటివారు జవాబు చెప్పగలరు. రెండవదానికి కంగారులో నున్న కోడలు చెప్పగలిగినది, “ప్రొద్దున ఎఱ్ఱ మాత్ర, రాత్రికి తెల్ల మాత్ర” అనునంతే. గడియారము తిరుగుచుండగా ఆ రంగులతో డాక్టరు ఏమి చేయగలడు?

ఈ యిక్కట్టు అందరిదియు నగుగాక; మనకు రెట్టింపగుటకు మన చరిత్రయే కారణము. పటాస్కరు తీర్పు ననుసరించి 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన సరిహద్దు మార్పువలన తిరుత్తణి తాలూకాలో అధికభాగము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రమునకు పోయినది. గీత మారినది గాని చుట్టరికములు మారలేదు. తిరుత్తణివారు వైద్యమునకు నగరికిని, పుత్తూరునకును, తిరుపతికిని పోవుచునే యున్నారు. చెన్నపట్టణమునకును, రాయవేలూరునకును పోవువారును కలరు. కావున ఒక్క రోగి కాగితములు రెండు రాష్ట్రములలో చెదరియున్నవి. సరిహద్దు గ్రామములలో సెల్‌ఫోను ఏ టవరును అందుకొనునో ఆ రాష్ట్రపు 108 కేంద్రమునకు పిలుపు పోవుటయు కద్దు. ఆవలి అంబులెన్సుకు ఈవలి డాక్టరు తెలియడు. ఈవలి ఆసుపత్రికి ఆవలి చీటీ తెలియదు.

ఇంటిలోపలి సంగతియు అంతే. తెలుగుబడిలో చదివిన తాతకు తెలుగు లిపియే వచ్చును. తమిళబడిలో చదివిన మనుమనికి తెలుగు మాట వచ్చునే గాని లిపి రాదు. ఆసుపత్రివారు ఇచ్చు కాగితము ఆంగ్లమున నుండును. తాత తన మందుల పేర్లను తెలుగున వ్రాసిపెట్టుకొనినను, ఆయన స్పృహ తప్పిననాడు దానిని చదివి అంబులెన్సువారికి చెప్పువాడు ఇంట లేకపోవచ్చును.

ప్రభుత్వమువారికి చేతగాని పనియా ఇది? కాదు. తీవ్రగాయములవారిని తీసికొనిపోవు అంబులెన్సు ముందుగానే ఆసుపత్రికి కబురు పంపు పద్ధతిని తమిళనాడు ప్రభుత్వమే నెలకొల్పినది. ముందునకు పంపగల కబురును వెనుకనున్న కుటుంబ వైద్యునికి పంపరాదా? 2021 ఆగస్టు 5న ఆరంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకము క్రింద రక్తపోటునకు, చక్కెర వ్యాధికి మందులు ఇండ్లకే తెచ్చి యిచ్చుచున్నారు. ఎవరికి ఏ మందో వ్రాసికొనకుండ ఇచ్చుట సాధ్యమా? ఆ పట్టిక అంబులెన్సుకు అందరాదా? 2021 డిసెంబరు 18న ఆరంభమైన ‘ఇన్నుయిర్ కాప్పోం’ పథకమున, రోడ్డు ప్రమాదములో గాయపడినవాడు ఏ రాష్ట్రమువాడైనను మొదటి 48 గంటల చికిత్స ఉచితము. చికిత్సకు అడ్డురాని సరిహద్దు చీటీకి మాత్ర మేల అడ్డురావలెను? ఆవల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2023 ఏప్రిల్ 6న ‘ఫ్యామిలీ డాక్టర్’ అను పేరుతోనే ఒక కార్యక్రమమును ఆరంభించిరి. కేంద్ర ప్రభుత్వమువారు 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరంభించి, కోరినవారికి పదునాలుగు అంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చుచున్నారు. సంఖ్యలున్నవి, కంప్యూటర్లున్నవి, పథకములున్నవి. ఒకదాని మాట మరియొకదానికి వినబడు ఏర్పాటే కావలసియున్నది. మన వీధి డాక్టరు కాగితములమీదనే వ్రాయుచుండగా, ఆయనను లెక్కలోనికి తీసికొనని ఏ పథకమైనను పునాది లేని మేడయే.

“రోగి రహస్యములు బయటపడవా?” అని అడుగువారు కలరు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. చిన్న ఊరిలో ఒక యింటి జబ్బు పది యిండ్లకు పాకుటకు గంట చాలును. మనోవ్యాధి, హెచ్.ఐ.వి., స్త్రీల గర్భసంబంధమైన సంగతులు వంటివి ఊరక అందరి చేతులలో పడరాదు. కాని ప్రాణము నిలుపుటకు ఆ చరిత్ర అంతయు అక్కరలేదు. ఇంగ్లండులో సమ్మరీ కేర్ రికార్డు అను పేరుతో కుటుంబ వైద్యుని పుస్తకమునుండి వాడుచున్న మందులను, పడని మందులను, మునుపు కలిగిన వికటములను మూలాంశములుగా నుంచి, చికిత్స చేయువారికి చూపు పద్ధతి కలదు. ఈ కొలది సంగతులవలన ఎవరి మానము పోవును? అవి తెలియకపోయిన యెడల ప్రాణమే పోవచ్చును గదా!

చట్టమును సాకుగా చూపువారికిని ఒక మాట. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ప్రాణాపాయ వేళ వైద్యమునకై సమాచారమును వాడుకొనుటకు సమ్మతి అక్కరలేదని చెప్పుచున్నది. ఆపద గడచిన పిమ్మట కుటుంబ వైద్యునికి కాగితము పంపుటకు రోగి సమ్మతి నడుగుట ధర్మము. ఆ సమ్మతిని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలు కల్పింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. ఈ చట్టము దశలవారీగా అమలునకు వచ్చుచున్న ఈ సమయముననే సమ్మతి పత్రములు తెలుగున కావలెనని మనము అడుగవలెను. పత్రములు అచ్చయిన తరువాత అడిగిన, “వచ్చేసారి చూతము” అను జవాబే మిగులును.

మనవారి నడవడినిగూర్చియు చెప్పక తప్పదు. పాత చీటీ చూపి మందుల అంగడిలో నెలల తరబడి మాత్రలు కొనువారు మనలో తక్కువ కారు. కాలికి ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు, ఒకరి మందు మరియొకరికి చెప్పకపోవుట మనకు వాడుకయైనది. ఆసుపత్రినుండి వచ్చినంతనే కాగితములను బీరువాలో భద్రపరచుదుమే గాని, మన డాక్టరు బల్లమీద పెట్టము. ఇట్లుండగా ప్రభుత్వమును మాత్రమే తప్పుపట్టిన ప్రయోజనమేమి?

కావున మనము అడుగవలసినవి ఇవి. అంబులెన్సులో వ్రాసిన కాగితపు నకలును రోగి ఇంటివారి చేతి కియ్యవలెను. 108 పిలుపు అందుకొనునప్పుడో, ఆసుపత్రిలో చేర్చునప్పుడో, కుటుంబ వైద్యుని పేరడిగి వ్రాసికొని, రోగి సమ్మతితో ఆయనకు కబురు పంపవలెను. సరిహద్దు మండలములవరకైనను రెండు రాష్ట్రములవారు కూడబలుకుకొని ఒకరి చీటీని మరొకరు చూచునట్లు చేయవలెను. సమ్మతి పత్రములును, రోగి కిచ్చు సూచనలును తెలుగున కూడ ఉండవలెను. రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు అర్జీ పెట్టుకొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. తెలుగులోనే వ్రాయుడు, నకలు నుంచుకొనుడు, జవాబు వచ్చువరకు విడువకుడు.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఇంటిలోని ప్రతి ముదుసలికిని అరచేయంత చీటీ యొకటి వ్రాసిపెట్టుడు. పేరు, వయస్సు, ఉన్న జబ్బులు, వాడు మందులు, పడని మందులు, డాక్టరు పేరు, ఫోను సంఖ్య ఉండిన చాలును. మందుల పేర్లు డాక్టరుచేతనే వ్రాయించుడు. ఒక ప్రక్క తమిళ, ఆంగ్లములును, రెండవ ప్రక్క తెలుగును ఉండవలెను. మందు మారిననాడే చీటీ మార్చుడు. దానిని తలుపు వెనుక అందరికి తెలిసిన చోట వ్రేలాడదీయుడు. ప్రభుత్వపు కంప్యూటర్లు ఎప్పుడు మాటలాడుకొనునో గాని, ఈ చీటీ ఈ రాత్రియే మాటలాడగలదు.