క్రిస్మస్ బల్ల మీదికి సీమపంది తొడ

డిసెంబరు మూడో వారానికి గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలల్లో పత్తి తీతలు ఇంకా సాగుతుంటాయి. మిర్చి తోటల్లో కాయ రంగు తిరుగుతుంటుంది. పొద్దు వాలేసరికి ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి, వంటింట్లో అరిసెల పాకం పొంగుతుంది. పండగ రోజు ఏం వండారని ఎవరైనా అడిగితే బిర్యానీ, కోడికూర, వేటమాంసం అని గడగడా చెప్పేస్తారు. కొన్ని ఇళ్లలో పంది కూర కూడా ఉంటుంది. దాని పేరు మాత్రం నాలుగిళ్లవాళ్లు వినేలా ఎత్తరు.

ఎత్తకపోవడానికి కారణం రుచి కాదు, కులం.

మన పల్లెల్లో పందుల పెంపకం ఎరుకల కుటుంబాల వృత్తిగా నిలిచింది. పెంచేవారిని ఊరి చివరికి నెట్టిన ఊరే తినేవారినీ చిన్నచూపు చూసింది. ఈ ప్రాంతంలో క్రైస్తవంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది అలా చిన్నచూపు పడినవారే. గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చింది 1842లో. ఆ తర్వాత వచ్చిన పెద్ద కరువు వెళ్లిన వెంటనే, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. తిండిని అడ్డుపెట్టుకుని తరతరాలుగా అవమానించిన ఊళ్లలోంచి వచ్చినవాళ్లు వాళ్లు. వారి మనవలు, మునిమనవలు పండగ పూట కూడా ఒక కూర పేరు దాచుకోవలసి రావడం ఈ నేలకు గౌరవం కాదు.

అదే మాంసానికి వేరే దేశాల్లో పండగపూటే పెద్దపీట. ఇంగ్లండులో, అమెరికాలో క్రిస్మస్ బల్ల మధ్యలో హ్యామ్ పెడతారు. స్వీడన్ వాళ్లు దానికి ఆవపిండి ముద్ద, రొట్టెపొడి పట్టించి కాలుస్తారు. హ్యామ్ అంటే మరేమీ కాదు, పంది వెనక తొడ. ఉప్పు, కొంచెం చక్కెర, అతి కొద్దిగా నైట్రైటు కలిపిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. గులాబి రంగు ఆ నైట్రైటు వల్ల వచ్చేదే. కొన్నిటికి పొగ కూడా పట్టిస్తారు. ఊరగాయ పెట్టే చేతులకు ఉప్పు చేసే ఈ పని కొత్తగా నేర్పనక్కర్లేదు.

పైపూత సంగతికొస్తే గుంటూరు జిల్లాకు ఎవరి దగ్గరా అప్పు తేవలసింది లేదు. బెల్లం కరిగించి, చింతపండు గుజ్జు, ఎండుమిరప కారం, నాలుగు లవంగాలు వేసి చిక్కబడనిస్తే చాలు. తొడ మీది తోలు తీసి, కొవ్వు మీద కత్తితో డైమండు గళ్లు గీయాలి. 160 డిగ్రీల వేడిలో నిదానంగా కాలనిచ్చి, చివరి అరగంటలోనే పాకం పూయాలి. ముందే పూస్తే లోపల వేడెక్కకముందే బెల్లం మాడి చేదెక్కుతుంది. ఉడికించి అమ్మిన హ్యామ్ అయితే లోపలి వేడి 60 డిగ్రీలకు వస్తే సరిపోతుంది. పచ్చిదైతే 63 డిగ్రీలు దాటాక పొయ్యి ఆపి, కనీసం మూడు నిమిషాలు అలాగే వదిలెయ్యాలి. ఇంట్లో ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్న సెగన మగ్గించి, చివర్లో పాకంలో దొర్లించినా రుచికి లోటుండదు.

భయం మాటా చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఉత్త భయం కాదు. మురుగులో తిరిగే పందుల వల్ల బద్దెపురుగు వస్తుంది. ఆ పురుగు ఉండి, పందులు విచ్చలవిడిగా తిరిగే చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతానికి అదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే సగం ఉడికిన మాంసం తింటే వచ్చేది పేగుల్లో పురుగు. మెదడులో తిత్తులు కట్టేది ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోయినప్పుడు. ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి, సరిగా కడగని కూరల మీద, చేతుల మీద. అందుకే మాంసం ముట్టనివారికీ ఆ జబ్బు వస్తుంది. అంటే మందు మూడు చోట్ల ఉంది: మరుగుదొడ్డిలో, కట్టుదిట్టమైన పందుల షెడ్డులో, వధశాలలో పశువైద్యుడి తనిఖీలో. పంది తినేవాడిని చీదరించుకోవడంలో లేదు.

ఇంకొక నిజం కూడా దాచకూడదు. హ్యామ్‌లా ఉప్పులో ఊరబెట్టి నిల్వచేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. కాబట్టి హ్యామ్ రోజువారీ తిండి కాకూడదు. ఏడాదికొక్కసారి పండగకు వండుకోవడం వేరు.

శుభ్రంగా పెంచి, శుభ్రంగా అమ్మడం తెలుగువారికి చేతకాని పనేం కాదు. పంచవర్ష ప్రణాళికల రోజుల్లోనే గన్నవరంలో ప్రభుత్వ బేకన్ ఫ్యాక్టరీ పెట్టారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం యార్క్‌షైర్ జాతిని నాటు పందితో కలిపి టీ-17 అనే సంకర రకాన్ని తయారుచేసింది. జాతి ఉంది, చదువుకున్న పశువైద్యులు ఉన్నారు. లేనిది వాటిని ఊరి దాకా తెచ్చే శ్రద్ధ. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద కోటీ 3 లక్షల పందులుంటే, 2019 నాటికి అవి 90.6 లక్షలకు పడిపోయాయి. ఈ తరుగుదలలో మొదట నలిగేది చిన్న పెంపకందారే.

అందుకే పశుసంవర్ధక శాఖ, మున్సిపాలిటీలు ఈ పని చేతిలోకి తీసుకోవాలి. ఎరుకల, దళిత కుటుంబాలకు షెడ్డుకూ మేతకూ అప్పు ఇప్పించాలి. గుంటూరులో పందుల కోసం తనిఖీ ఉన్న వధశాల ఒకటి, దానికి అనుబంధంగా చల్లటి గిడ్డంగి ఒకటి నడపాలి. ముద్ర పడిన మాంసమే దుకాణానికి చేరాలి. పాస్టర్లు, సంఘ పెద్దలు కూడా కోడికూరతో సమానంగా ఈ కూరనూ ప్రేమవిందుల్లో వడ్డించడానికి వెనకాడకూడదు.

అప్పుడు డిసెంబరు 24 సాయంత్రం గుంటూరు నుంచి ప్రత్తిపాడు బస్సెక్కిన మనిషి, ఒళ్లోని సంచిలో ఏముందని పక్కసీటాయన అడిగితే, "సీమపంది తొడ, రేపు క్రిస్మస్ కదా" అని మామూలు గొంతుతోనే చెప్పగలుగుతాడు.