పిల్లల డాక్టరు ఎంత దూరంలో ఉండాలి?

మా ఇంటికి భోజనానికొచ్చిన కొత్త జంటల్లో ఆరో నెలో, ఏడో నెలో నడుస్తున్న వాళ్ళుంటే, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. "ఇక్కడ పిల్లల డాక్టరు ఎవరైనా తెలుగువాళ్ళున్నారా అన్నా?" ఎన్ని మైళ్ళలో ఉన్నారని మాత్రం ఎవరూ అడగరు. 2017లో మేమూ అడగలేదు. అందుకే మా ఇద్దరం కలిసి ఇది రాస్తున్నాం.

అమెరికాలో ఈ సంగతి పురుటికి ముందే తేల్చుకోవాలి. బిడ్డ పుట్టగానే ఆస్పత్రిలో మొదట అడిగేవాటిలో మీ పీడియాట్రీషియన్ ఎవరన్నది ఒకటి. రెండు మూడు రోజులకే ఇంటికి పంపించేస్తారు. బరువెంత తగ్గింది, ఒళ్ళు పచ్చబడిందా, పాలు సరిగ్గా తాగుతోందా చూడటానికి అయిదో రోజు లోపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మన ఊళ్ళో బాలింత గడప దాటని రోజులవి. ఇక్కడ కుట్లు మానకముందే కారెక్కాలి.

అప్పుడు మేము న్యూజెర్సీ మధ్యభాగంలో ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. ఉన్నది ఒక్క కారు. డ్రైవింగు వచ్చింది మా ఇద్దరిలో ఒక్కరికే. ఆ కారు పొద్దున ఏడింటికల్లా రైల్వే స్టేషను పార్కింగులో ఉండేది. రైలు న్యూయార్కు పోయేది. ఉద్యోగమా, గంటల లెక్కన కాంట్రాక్టు. పని చెయ్యని గంటకు జీతం లేదు. ఇన్ని తెలిసీ మేము ముప్ఫై రెండు మైళ్ళ దూరంలో ఉన్న డాక్టరును ఎంచుకున్నాం. ఎందుకంటే ఆమె తెలుగామె. నలుగురు స్నేహితులు ఆమె పేరే చెప్పారు.

ఆ ఎంపికను ఈరోజుకీ తెలివితక్కువ పని అనలేం. నాలుగో రోజున వెళ్ళినప్పుడు పాప అమ్మమ్మ కూడా మాతోనే ఉంది. కడప జిల్లా నుంచి పురుడు పొయ్యడానికి వచ్చిన మనిషి, వచ్చి నెల దాటినా బయటివాళ్ళెవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగదు. డాక్టరమ్మ ముందు ఆమెనే పలకరించింది. "ఏమ్మా, వస కొమ్ము తెచ్చావా ఊరి నుంచి?" అని నవ్వుతూనే, తేనెలో రంగరించి నాకిస్తారు కదా, ఆ తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దని చెప్పింది. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపిల్లల పేగులో విషం తయారుచేస్తుందట. కొన్న కాటుకలో సీసం ఉండొచ్చు, పెట్టొద్దంది. నూనె మర్దన చేసుకోండి, దానికేం ఫరవాలేదంది. అదే మాట మేం ఇంట్లో చెప్పుంటే "మీకన్నా ముందు ముగ్గురిని పెంచినాను" అనేది. డాక్టరు చెప్పేసరికి మారు మాట్లాడలేదు.

భాష విలువ అది. నెమ్ము చేసిందంటే ఇంగ్లీషులో ఏమంటారో చెప్పండి చూద్దాం. న్యుమోనియా అంటే ఎక్కువైపోతుంది, జలుబు అంటే తక్కువైపోతుంది. పాలు కక్కడం వేరు, వాంతి వేరు. డిగ్రీ దాకా చదివిన ఇంగ్లీషు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు నాలుక మీదికి రాదు. ఇదంతా నిజం కాబట్టే ముప్ఫై రెండు మైళ్ళు మాకు దూరం అనిపించలేదు. ఆదివారం గుడికి అంతకన్నా దూరం పోవడం లేదా అనుకున్నాం.

పాపకు ఏడో వారం. 2018 జనవరి, ఎముకలు కొరికే చలి. ఒకరోజు రాత్రి పదకొండుకి ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు పెడితే 101. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ వచ్చిందంటే అది మామూలు జ్వరం కింద లెక్క కాదనీ, మందు వెయ్యకుండా వెంటనే ఫోన్ చెయ్యాలనీ డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. ఫోన్ చేశాం. పది నిమిషాల్లో ఆమే తిరిగి పిలిచింది. "నా దగ్గరికి రావద్దు, మీకు దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి ఇప్పుడే పొండి" అంది. పోయాం. రక్తం తీశారు, మూత్రం తీశారు, ముక్కులోంచి తీసి పరీక్ష చేశారు. వైరస్ జలుబు అని తేలింది. తెల్లవారుజామున ఇంటికి పంపుతూ, పాలు తక్కువ తాగుతోంది, రేపు మీ డాక్టరు దగ్గర తప్పకుండా బరువు చూపించండి అన్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. దూరం అనగానే అందరికీ భయం అర్ధరాత్రి గురించే. కానీ ఆ రాత్రి దూరం మాకేమీ అడ్డు రాలేదు. డాక్టరు పక్క వీధిలో ఉన్నా వెళ్ళేది ఎమర్జెన్సీకే. ఫోనుకు ముప్ఫై రెండు మైళ్ళయినా ఒకటే, మూడు మైళ్ళయినా ఒకటే. దూరం మమ్మల్ని దెబ్బకొట్టింది మర్నాడు పొద్దున.

మర్నాడు ఆఫీసులో రిలీజు. రాత్రంతా నిద్ర లేదు. రోడ్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. పోను గంట, రాను గంట, అక్కడొక గంట. సగం రోజు కూలి పోతుంది, పైగా మేనేజరు మొహం చూడాలి. "ఇప్పుడు కాస్త నయంగానే ఉంది కదా, శనివారం పోదాం" అనుకున్నాం. ఎవరు ముందు అన్నారో ఇప్పటికీ మా ఇద్దరి మధ్య తేలలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళకు బిడ్డ మందంగా ఉన్నట్టు అనిపిస్తూనే ఉంది. కానీ కారు స్టేషన్లో ఉంది. టాక్సీ పిలుద్దామంటే కారు సీటు మనదే మోసుకెళ్ళి బిగించాలి, అంత దూరానికి ఎంతవుతుందో తెలియదు. శనివారం పోయేసరికి బరువు తగ్గింది, రాత్రి నుంచి డైపరు సరిగ్గా తడవలేదు. తూకం మీంచి ఎత్తి, డాక్టరమ్మ నేరుగా ఆస్పత్రికి ఫోన్ చేసింది. సెలైను పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు.

రెండు రోజుల ముందే వచ్చుంటే ఇంత అయ్యేది కాదని ఆమె అనలేదు. ఆ మాట మేమే అనుకున్నాం. ఇప్పటికీ అనుకుంటాం.

డిశ్చార్జి అయ్యాక ఆమె దగ్గరికి వెళ్తే, బరువు చూసి సంతోషించి, అప్పుడు అంది. "వారం మధ్యలో పాపకు బాగాలేకపోతే ఎవరు తీసుకొస్తారమ్మా?" మా దగ్గర జవాబు లేదు. "మీ ఇంటి దగ్గర ఎవరినైనా చూసుకోండి, కాగితాలన్నీ నేను పంపిస్తా" అంది. మాకు మొదట కోపం వచ్చిందంటే నమ్ముతారా? మనవాళ్ళు అనుకుంటే వదిలించుకుంటోంది అనిపించింది.

ఇంటికొచ్చి లెక్క వేశాం. ఈ లెక్క పురుటికి ముందు వెయ్యాల్సింది. ఇక్కడి పద్ధతి ప్రకారం మొదటి వారంలో ఒకసారి, తర్వాత ఒకటి, రెండు, నాలుగు, ఆరు, తొమ్మిది, పన్నెండు నెలలకు. ఏడాదిలో ఏడుసార్లు. ఆపైన పదిహేను, పద్దెనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై నెలలకు. అంటే రెండున్నరేళ్ళకు పదకొండు సార్లు, అదీ బిడ్డ ఆరోగ్యంగా ఉంటేనే. డేకేరులో వేస్తే ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే. చెవిపోటు, విరేచనాలు వేరే. ఒక్కొక్క దానికి అరవై నాలుగు మైళ్ళు.

మైళ్ళు కూడా అసలు కొలత కాదు. మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఇంట్లో ఎవరుంటారు, వాళ్ళ చేతిలో ఏ బండి ఉంది? కొలవాల్సింది అది. భార్యాభర్తలిద్దరికీ కార్లుంటే పదిహేను మైళ్ళయినా నడుస్తుంది. లైసెన్సు లేని తల్లికి నాలుగు మైళ్ళు కూడా సముద్రమే.

రెండు మైళ్ళలో ఒక చిన్న క్లినిక్కు దొరికింది. స్ట్రోలరు తోసుకుంటూ పోతే నలభై నిమిషాలు. దారి పొడవునా కాలిబాట ఉంది. (అమెరికాలో ఇది చిన్న విషయం కాదు, నడిచి చూశాకే నమ్మండి.) డాక్టరుకు తెలుగు ముక్క రాదు. మొదటి నెలలోనే ఫోనులో నర్సుతో "వామిటింగ్" అన్నాం. ఎన్నిసార్లు, ఏ రంగు అని ఆమె కంగారు పడిపోయింది. తీరా చూస్తే పాప పాలు కక్కుతోంది, అంతే. అది "స్పిటప్" అని ఆరోజు నేర్చుకున్నాం. అమ్మమ్మ వీసా పొడిగించుకుని ఇంకా ఉంది, ఈ డాక్టరుతో ఆమెకు మాటే లేకుండా పోయింది. మూల కుర్చీలో కూర్చుని చూసేది. దగ్గరి డాక్టరును ఎంచుకోవడంలో పోగొట్టుకున్నది అది. దాన్ని తక్కువ చేసి చెప్పం.

అయితే ఒకటి మాకు ఆలస్యంగా తెలిసింది. మెడికెయిడ్ లాంటి ఫెడరల్ డబ్బు తీసుకునే క్లినిక్కులూ ఆస్పత్రులూ ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకు దుబాసీని తామే ఏర్పాటు చెయ్యాలి, దానికి మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. తెలుగు దుబాసీ ఫోనులో దొరుకుతారు. ఎపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగాలి. ఇంగ్లీషు వచ్చు కదా, అడిగితే నామోషీ అనుకోకండి. ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషు వేరు, ఇది వేరు.

దూరపు డాక్టరు మీద మోజు అమెరికాలోనే కాదు. మా ఊరి బావ ఒకాయన కువైట్‌లో డ్రైవరు. ఆయన జీతానికి కుటుంబాన్ని తెచ్చుకునే వీల్లేదు. భార్యా కొడుకూ రాజంపేట దగ్గర పల్లెలో. పిల్లవాడికి ఏమొచ్చినా "తిరుపతి పెద్ద డాక్టరుకే చూపించు, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అని ఫోనులో పట్టు. డబ్బు ఆయన పంపుతాడు, నిజమే. జ్వరంతో ఉన్న బిడ్డను చంకనేసుకుని రెండు మూడు గంటలు బస్సులో పోయేది ఆమె. కొన్నాళ్ళకు ఆ అక్క రాజంపేటలోనే పిల్లల డాక్టరుకు చూపించడం మొదలుపెట్టింది, ఆయనకు చెప్పకుండా. సెలవు మీద వచ్చినప్పుడు మందుల చీటీలు చూసి గొడవ పెట్టుకున్నాడట. దూరంలో ఉన్నవాడికి పెద్ద డాక్టరు పేరు ధైర్యం ఇస్తుంది, కాదనం. మేము తెలుగు డాక్టరును పట్టుకుని కూర్చున్నదీ అలాంటి ధైర్యం కోసమే.

ఇప్పుడు అడిగేవాళ్ళకు మేం చెప్పేది ఇదీ. ఏడో నెలలోనే ఇంటి దగ్గరి రెండు మూడు క్లినిక్కులకు ఫోన్ చెయ్యండి. పురుటికి ముందే వచ్చి మాట్లాడిపొమ్మనే డాక్టర్లు చాలామంది ఉన్నారు. జబ్బు చేసినరోజే చూస్తారా, శనివారం తెరుస్తారా, రాత్రి ఫోను ఎవరెత్తుతారు అని అడగండి. మీ ఇన్సూరెన్సు నెట్‌వర్కులో ఉన్నారో లేదో క్లినిక్కునీ కంపెనీనీ రెండుచోట్లా అడగండి. నెట్‌వర్కులో ఉంటే మామూలు చెకప్పులకూ టీకాలకూ చాలా ప్లాన్లలో మన చేతి డబ్బు పడదు. బిడ్డ పుట్టిన ముప్ఫై రోజుల్లోపు ఆఫీసు ఇన్సూరెన్సులో పేరెక్కించడం మాత్రం మరిచిపోవద్దు. ఉద్యోగం మారితే ఇన్సూరెన్సు మారుతుంది, ఎంత మంచి డాక్టరైనా చెయ్యి జారొచ్చు. కాంట్రాక్టు బతుకుల్లో అదొక తంటా.

వీడియోలో చూపించుకోవచ్చు కదా, దూరమెందుకు అడ్డం అంటారు కొందరు. 2020 తర్వాత ఆ సదుపాయం పెరిగింది, మంచిదే. ఒంటి మీద దద్దుర్లకు పనికొస్తుంది. చెవిలోకి తొంగిచూడటానికీ తూకం వెయ్యడానికీ పనికిరాదు. పైగా డాక్టరుకు మామూలుగా మనం ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి.

ఇంకొక్క మాట. ఊరి నుంచి తెచ్చుకున్న జ్వరం చుక్కల మందు విషయం దగ్గరి డాక్టరుకు చెప్పి తీరండి. మన పారాసెటమాల్, ఇక్కడి టైలెనాల్ ఒకటే మందు. కానీ మన దగ్గర పసిపిల్లల చుక్కల మందులో మామూలుగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇక్కడి సీసాలో 5 మిల్లీలీటర్లకు 160. మనది మూడింతలు గాఢం. ఇక్కడి కొలత ప్రకారం మన మందు పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. తెలుగు డాక్టరయితే ఇంట్లో ఆ సీసా ఉంటుందని ఊహించి తనే అడిగేది. మన భాష రాని డాక్టరుకు మనమే చెప్పాలి.

పాప ఇప్పుడు బడికెళ్తోంది. డ్రైవింగు రాని మాలో రెండో మనిషికి లైసెన్సు వచ్చి చాలా ఏళ్ళయింది, రెండో కారూ ఉంది. ముప్ఫై రెండు మైళ్ళు ఇప్పుడు లెక్కలోది కాదు, కావాలంటే మళ్ళీ ఆ డాక్టరమ్మ దగ్గరికే పోవచ్చు. పోలేదు. రెండు మైళ్ళ డాక్టరుకు పాప ఒంటి తీరంతా తెలిసిపోయింది. ఉగాది కార్యక్రమాల్లో డాక్టరమ్మ కనిపిస్తుంటుంది. మొన్న కూడా పాప గడ్డం పట్టుకుని, ఎంత బరువుందని అడిగింది.