అంకణాల లెక్కకు అందని ఇళ్లు

జలదంకి వైపు పాత ఊళ్లలో తాళం వేసిన మిద్దెలు కనిపిస్తాయి. అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, బంగారం పంచుకున్నారు. ఇల్లు మాత్రం పంపకానికి లొంగలేదు. కొనేవాడు అంకణాల లెక్కన రేటు కడతాడు. అన్న సరే అంటాడు. చెల్లెలు సంతకం పెట్టదు. ‘నాయన కట్టిన ఇల్లు’ అంటుంది. బేరం అక్కడే ఆగిపోతుంది.

ఇది వట్టి సెంటిమెంటు అని కొట్టిపారేసే వాళ్లతో మేం ఏకీభవించం. అమ్మాలా వద్దా అన్నది ధర ఒక్కటే తేల్చదు. ఆ ఇంటితో మనిషికున్న బంధం కూడా తేలుస్తుంది. ఆ బంధానికీ ఓటు ఉంది.

మరి సర్కారే యజమాని అయితే? హైదరాబాద్‌లో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్‌ను చూడండి. దాన్ని కూల్చి ఆ జాగాలో కొత్త అసెంబ్లీ కడతామని 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. వారసత్వ కట్టడాల రక్షణ నిబంధన రద్దయింది కదా అని వాదించింది. జనం ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. జనం పట్టుబట్టకపోతే ఆ మహల్ మట్టయ్యేది కాదా?

ఇక మన ఉదయగిరి సంగతి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన దుర్గమది. అక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి ఆయన గుడి కట్టించాడు. ఆ విగ్రహం నేడు చెన్నై మ్యూజియంలో ఉంది. నగరంలోని మహల్‌కు జాగా ధరే శత్రువు. కొండ మీది కోటకు మన మరుపే శత్రువు.

తప్పు పాలకులది మాత్రమే అని మేం అనం. సంతకం ఆపిన చెల్లెలూ, పట్నంలో ఉద్యోగం చేసే అన్నా ఆ మిద్దె బాగుకు పైసా తీయకపోతే వానలే దాన్ని కూలుస్తాయి. ప్రేమ ఉంటే చాలదు, ఖర్చూ పంచుకోవాలి. పాత కట్టడాల జాబితా తగాదా వచ్చాక కాదు, ముందే తయారు కావాలి. నిలబెట్టుకునే యజమానికి మరమ్మతు సాయం, ఇంటి పన్నులో రాయితీ ఇవ్వాలి. భారమంతా అతని నెత్తిన పెట్టి, ‘అమ్మొద్దు’ అని ఉపన్యాసాలు చెప్పడం న్యాయం కాదు.

సర్కారును నిలదీద్దాం. ఈలోగా ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ తాళం తీద్దాం. గోడలో మొలిచిన రావి మొక్కను పీకేద్దాం.